పాత జీపు ముందు భాగము ఒక ప్రక్కకు ఒరిగినపుడు కారణమును కనుగొను విధము

చీమకుర్తి, సంతనూతలపాడు, పొదిలి ప్రాంతపు రైతులలో పాత జీపును ఇంకను పనికి వాడుకొనుచున్నవారు కలరు. మిరపకాయల కోత రోజులలో మనుషులను చేనికి చేర్చుటకు, టిక్కీలను కల్లము నుండి ఇంటికి తెచ్చుటకు, వాన వెలిసిన మరునాడు నల్లరేగడి డొంకలో నాలుగు చక్రముల పట్టుతో నెట్టుకొని పోవుటకు ఆ బండికి సాటి లేదని వారి నమ్మకము. ఆ నమ్మకము చాల వరకు నిజమే. కాని ముప్పది నలుబది ఏండ్లు పనిచేసిన జీపు ఒకనాడు ముందు వైపున కుడికో ఎడమకో ఒరిగి నిలబడును. రాత్రి పూట ఇంటి గోడకు ఎదురుగా నిలిపినచో రెండు లైట్ల వెలుగులు ఒక ఎత్తున పడవు. బ్రేకు వేసినపుడు స్టీరింగు ఒక వైపునకే లాగును.

వెంటనే రైతు బండిని షెడ్డుకు తోలుకొని పోవును. అచ్చట సాధారణముగా వచ్చు జవాబు ఒకటే: "కమాన్లు పోయినవి, జత మార్చవలెను." జత మార్చుదురు. పది దినములు గడువక ముందే బండి మరల ఒరుగును. ఈ మారు షాక్ అబ్జార్బర్లు మార్చుదురు. ఒరుగుట పోదు. ఖర్చు మాత్రము అగును. మందు వేయుటకు ముందు ఆకు మీద ఉన్నది తామరపురుగో, నల్లియో చూచుకొనవలెనని మిరప రైతుకు ఎవరును చెప్పనక్కరలేదు. ఆకు పై ముడతయో, క్రింది ముడతయో చూచి గాని మందు సీసా మూత తీయరు. బండి విషయములో మాత్రము చూడకుండనే మందు వేయుచున్నాము.

ఒక పూట తీరిక, టేపు ఒకటి, సుద్దముక్క ఒకటి, మంచి జాకీ ఒకటి, నోటుపుస్తకము ఒకటి ఉన్నచో కారణము ఎచ్చట ఉన్నదో రైతు తానే కనుగొనవచ్చును. మరమ్మతును మెకానిక్కే చేయవలెను. కాని ఏ మరమ్మతు కావలెనో తెలిసి షెడ్డుకు పోవుట వేరు, తెలియక పోవుట వేరు.

ఈ వ్యాసము ముందు వెనుకల కమాను కట్టలు, మొద్దు ఇరుసు గల పాత జీపులను గురించినది. మన దేశములో 1947 నుండి బొంబాయిలో కూర్చుట మొదలైన విల్లీస్ నమూనా జీపులును, వాని సంతతిగా మహీంద్రావారు తరువాత దశాబ్దములలో చేసిన జీపులును ఈ కోవలోనివే. 2010లో వచ్చిన థార్ బండికి ముందు చక్రములు వేర్వేరుగా ఆడును. వాని బరువును మెలిపడు కడ్డీలు మోయును. ఆ కడ్డీలకు ఎత్తు సవరించు బోల్టులు ఉండును గాని పాత జీపు కమానుకు అట్టి సవరింపు ఏదియు లేదు. ఆ తేడా తెలియక "బోల్టు త్రిప్పి సరిచేయుము" అని మెకానిక్కును పట్టుబట్టిన వారిని చూచితిమి.

కమాను పని

ఎడ్లబండికి కమాను లేదు. గాడిలో చక్రము దిగినచో ఆ కుదుపు నేరుగా బండి మీదికి, మన నడుము మీదికి వచ్చును. జీపుకు ఇరుసునకు, చాసీకి నడుమ ఉక్కు పట్టీల కట్ట ఉండుటచే ఆ కుదుపును కట్ట మ్రింగును. పై పొడవైన పట్టీకి రెండు చివరల కన్నులు ఉండును. ఒక కన్ను పిన్నుతో చాసీకి కదలకుండ బిగింపబడి యుండును. రెండవ కన్ను షాకిలు అను ఊగుడు ముక్కకు తగిలింపబడి యుండును. బరువు పడి కట్ట చదునైనపుడు దాని పొడవు పెరుగును గదా! ఆ పెరిగిన పొడవునకు షాకిలు ఊగి చోటిచ్చును. పట్టీల నడుమ సెంటర్ బోల్టు ఒకటి పోవును. దాని తల ఇరుసు మీది గుంటలో కూర్చుండి ఇరుసు ముందుకు వెనుకకు జరుగకుండ పట్టును. యు బోల్టులు ఇరుసును కట్టకు అదిమి ఉంచును.

ఇందు రైతు గుర్తుంచుకొనవలసినది ఒకటి కలదు. కమాను కట్ట బరువు మోయుటయే గాక ఇరుసును దాని చోట నిలుపు పని కూడ చేయుచున్నది. పై పట్టీ విరిగినను, సెంటర్ బోల్టు తెగినను బండి ఒరుగుటతో పోదు. ఇరుసు ఒక వైపు వెనుకకు జరిగి స్టీరింగు మాట వినదు. కావున ఒరుగుట అందమునకు సంబంధించిన లోపము కాదు. ఆ బండిలో కూలికి వచ్చు స్త్రీలు కూర్చుందురు, బడికి పోవు పిల్లలు కూర్చుందురు.

షాక్ అబ్జార్బరు బండిని ఎత్తి పట్టదు. అది కమాను ఊగుటను త్వరగా ఆపునది మాత్రమే. నూనె నింపిన సాధారణ షాక్ అబ్జార్బరును ఊడదీసి చేతితో నొక్కినచో నెమ్మదిగా లోనికి పోయి అచ్చటనే నిలుచును. తనను తాను ఎత్తుకొనలేనిది బండిని ఎత్తునా? ఒరిగిన బండికి మొదట షాక్ అబ్జార్బర్లు మార్చుట డబ్బును మురుగు కాలువలో వేయుట వంటిది.

నేల, టైరు, బరువు

మొదట బండి ఒరిగినదా, నేల ఒరిగినదా తెలియవలెను. మన ఇండ్ల ముందు వాకిలి నీరు పోవుటకు వాలుగా చేయుదురు. ఆ వాలు కంటికి కనిపించదు. చీమకుర్తి చుట్టుప్రక్కల వారికి ఒక సౌకర్యము కలదు. గ్రానైటు పలకలు నునుపుచేయు ఫ్యాక్టరీలలో విశాలమైన గచ్చు ఉండును. అడిగినచో ఒక గంట చోటివ్వని వారు అరుదు. అది దొరకనిచో ఏ సిమెంటు కల్లమైనను చాలును, ఈ ఉపాయము పాటించినచో. బండిని నిలిపి నాలుగు చక్రముల చోటును సుద్దతో గుర్తింపుము. కొలతలు వ్రాసికొనుము. తరువాత బండిని త్రిప్పి, ముందు చక్రములున్న గుర్తుల మీద వెనుక చక్రములు వచ్చునట్లు నిలిపి మరల కొలువుము. మొదట ఉత్తరపు వైపు ఒరిగిన బండి ఇప్పుడును ఉత్తరమునకే ఒరిగినచో దోషము నేలది. బండితో పాటు ఒరుగు వైపు కూడ మారినచో దోషము బండిది. తాపీమేస్త్రీ రసమట్టముకన్న ఈ పద్ధతి మాకు నచ్చినది. ఏలననగా ఇది అబద్ధమాడదు.

టైర్లు రెండును ఒకే కొలతవి, ఒకే అరుగుదల గలవి కావలెను. ఒక వైపు కొత్త టైరు, ఒక వైపు స్టెప్నీ తగిలించి తిరుగుట మనకు అలవాటు. రెండు టైర్ల మొత్తము ఎత్తులో ఒక అంగుళము తేడా ఉన్నచో ఇరుసు ఆ వైపు అర అంగుళము దిగును. గాలి రెండింటను సమానముగా, బండి పుస్తకములో చెప్పినంత ఉండవలెను. చల్లగా ఉన్నపుడు, అనగా బండి తోలక మునుపు, గాలి చూడవలెను. దీనిని తేల్చుట సులభము: చక్రపు నడిబొడ్డు నుండి నేలకు రెండు వైపుల కొలిచినచో చాలును. ఆ కొలతలు సమానముగా లేనిచో టైరు సంగతి ముందు చూచుకొనవలెను.

తరువాత బండిని ఖాళీ చేయవలెను. సీటు క్రింద గొలుసులు, వెనుక మూల పనిముట్ల పెట్టె, ఒక డబ్బా డీజిలు, ఎప్పుడో వేసి మరచిన స్ప్రేయరు మోటారు, ఇవన్నియు తీయవలెను. స్టెప్నీ ప్రక్కన తగిలించు బండి అయినచో దానిని కూడ దింపవలెను. టాంకీ సీటు క్రింద ఒక వైపు ఉన్నచో అందు ఎంత నూనె ఉన్నదో వ్రాసికొనవలెను. తరువాత మరల కొలిచినపుడు అంతే ఉండవలెను గదా.

బరువు అన్ని వైపుల సమానముగా ఉండదన్న సంగతి జీపు చేసినవారికి మొదటి నుండి తెలియును. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపులో డ్రైవరు, పెట్రోలు టాంకీ ఎడమ ప్రక్కనే ఉండెడివి. అందువలన ఎడమ ముందు కమానును కుడిదానికన్న గట్టిగా చేసిరి. కావున మీ బండి విడిభాగముల పుస్తకములో ఎడమ కుడి కమానులకు వేర్వేరు నంబర్లు ఉన్నవో, ఒకటే నంబరు ఉన్నదో చూడవలెను. వేర్వేరుగా ఉన్నచో, ఎవరో ఒకప్పుడు వానిని తారుమారుగా బిగించి యుండవచ్చును. మన దేశములో డ్రైవరు కుడి వైపున కూర్చుండును. ఒంటరిగా తిరుగు రైతు బండి కుడి కమాను ముందుగా అలసిపోవుట సహజము. ఎడమ కమానుకు మరియొక బాధ కలదు. క్వారీ లారీ ఎదురైనపుడల్లా మార్జినులోనికి దిగునవి ఎడమ చక్రములే.

కొలుచుట

మడ్గార్డు అంచు నుండి కొలువరాదు. పాత బండి మడ్గార్డులు ఎన్ని మారులు సుత్తి దెబ్బలు తినినవో ఎవరికి తెలియును? బాడీకి చాసీకి నడుమ గల రబ్బరు దిండ్లు ఒక వైపు కుళ్ళినచో చాసీ తిన్నగా ఉండియు బాడీ మాత్రము ఒరుగును. ఇరుసు గొట్టము పై అంచు నుండి సరిగా దాని నెత్తిన గల చాసీ దూలము అడుగు అంచు వరకు కొలువవలెను. ఎడమ కుడి రెండు వైపుల కమాను పట్టు దగ్గర ఒకే చోట కొలువవలెను. వెనుక కూడ అటులనే. ఇట్లు నాలుగు అంకెలు వచ్చును. ఇవియే ఈ పరీక్షకు ప్రాణము.

జీపు కమానులు రెండును చాసీ క్రింద దగ్గర దగ్గరగా ఉండును. మడ్గార్డులు అంతకంటె ఎడముగా ఉండును. అందువలన కమాను వద్ద అర అంగుళము తేడా మడ్గార్డు వద్ద ఇంచుమించు ఒక అంగుళముగా కనిపించును. కంటికి కనిపించినంత జబ్బు లోపల ఉండదు. మా అనుభవములో కమాను వద్ద పావు అంగుళము వరకు తేడా పాత బండికి తప్పుగా ఎంచనక్కరలేదు. అర అంగుళము దాటినచో కారణము వెదుకవలెను.

ఒక మారు కొలిచి ఊరుకొనరాదు. ఇద్దరు మనుషులు ముందు బంపరును మూడు మారులు అదిమి మెల్లగా వదలవలెను. కొలువవలెను. తరువాత బంపరును పైకెత్తి మెల్లగా వదలవలెను. మరల కొలువవలెను. ఒకే వైపున ఈ రెండు అంకెల నడుమ పెద్ద తేడా వచ్చినచో అచ్చట కమాను తన ఇష్టము వచ్చినట్లు ఊగుట లేదు, ఏదో పట్టివేసినది. పట్టీల నడుమ తుప్పు కావచ్చును, షాకిలు పిన్ను గ్రీజు చూచి ఏండ్లు గడిచి యుండవచ్చును. చాల పాత జీపులలో ముందు కమానుకు షాకిలు ముందు కొసన ఉండును. బండిని ఎత్తి దింపుచు షాకిలు వైపు చూచినచో అది ఊగుచున్నదో, కొయ్యబారినదో తెలిసిపోవును. రబ్బరు బుష్షులు గల బండిలో మరియొక చిక్కు. బండి జాకీ మీద వ్రేలాడుచుండగా ఆ బోల్టులను గట్టిగా బిగించినచో, బండి దిగినపుడు రబ్బరు మెలిపడి ఆ ప్రక్కను ఎత్తి పట్టును. ఆ బోల్టులను సడలించి, బండి బరువు చక్రముల మీద ఉండగా బిగించినచో కొన్ని బండ్లు చిల్లిగవ్వ ఖర్చు లేకుండ తిన్నగా నిలబడును.

జబ్బు ముందా, వెనుకా?

చాలమంది మెకానిక్కులు కూడ దాటిపోవు సంగతి ఇది. జీపు చాసీ ఒక మంచము వంటిది. మంచము వెనుక కోడు ఒకటి పొడుగైనచో తల వైపు కూడ ఎదుటి ప్రక్కకు వాలును గదా. అటులనే ముందు కుడి మూల దిగినంత మాత్రమున జబ్బు ముందు కుడి కమానులోనే ఉండనక్కరలేదు. వెనుక కుడి కమాను దిగి యుండవచ్చును, లేదా వెనుక ఎడమ కమాను అవసరమునకు మించి ఎత్తుగా ఉండవచ్చును.

దీనిని తేల్చు పరీక్ష ఇట్లు చేయవలెను. ముందు చక్రములు రెండింటికిని ముందు వెనుకల కఱ్ఱ దిమ్మెలు అడ్డు పెట్టవలెను. చేతి బ్రేకును నమ్మరాదు. పాత జీపులలో అది వెనుక చక్రములనే పట్టును. వెనుక చాసీ అడ్డ దూలమునకు సరిగా నడుమ జాకీ పెట్టి, వెనుక టైర్లు నేలను అంటీ అంటనట్లుండువరకు ఎత్తవలెను. ఇరుసు క్రింద పెట్టరాదు, చాసీ క్రిందనే పెట్టవలెను. ఇప్పుడు వెనుక భాగము ఒకే మొన మీద నిలిచి యున్నది. వెనుక కమానులు ఎటును తోయుటలేదు. ఈ స్థితిలో ముందు అంకెలు రెండును కొలువవలెను.

బండి ఒంటి జాకీ మీద ఉన్నంతసేపు దాని క్రిందికి తల దూర్చరాదు. చేయి చాచి కొలుచుటయే. నల్లరేగడిలో జాకీ దిగబడును, గట్టి నేల మీదనే పెట్టవలెను. మన ప్రాంతములో చేతికందునవి గ్రానైటు ముక్కలు గదా అని వానిని జాకీ క్రింద పేర్చుచున్నారు. నునుపు చేసిన రాయి జారును, సన్నని రాయి ఒక్కసారిగా పగులును. మందమైన కఱ్ఱ పలకనే వాడవలెను.

వెనుక మధ్యన ఎత్తినపుడు ముందు తేడా అటులనే నిలిచినచో జబ్బు ముందరిదే. తేడా పోయినచో ముందు కమానులు నిర్దోషులు. అప్పుడు బండిని దింపి, అడ్డు దిమ్మెలను వెనుక చక్రములకు మార్చి, ముందు అడ్డ దూలము నడుమ ఎత్తి వెనుక అంకెలు కొలువవలెను. వెనుక తేడా నిలిచినచో జబ్బు వెనుక కమానులలో ఉన్నది. వెనుక తేడా కూడ పోయినచో, అనగా ముందు వెనుకలు విడివిడిగా తిన్నగా ఉండి రెండును కలిసినపుడు మాత్రము పొసగనిచో, చాసీయే మెలితిరిగినది. ఆ బండికి ఎన్ని జతల కమానులు మార్చినను ప్రయోజనము లేదు.

చీమకుర్తి దగ్గర ఒక రైతు జీపు కథ దీనికి సాక్ష్యము. క్వారీ పనిలో ఉండిన బండిని ఆయన మిరప, సుబాబుల్ పనులకు కొనెను. కుడి ముందు మూల దిగి యుండెను. రెండు మారులు ముందు కమానులు మార్చిరి. రెండవ మారు మార్చిన డబ్బు ఆ ఏడు కాలువ మోటారుకు దాచినదని ఆయన భార్య మా ఎదుటనే అనెను. ఆయన తల వంచుకొనెను. మేము కొలిచినపుడు ముందు ఎడమ 17.5 సెంటీమీటర్లు, కుడి 15 ఉన్నది. వెనుక నడుమ జాకీ పెట్టి ఎత్తగానే ముందు ఎడమ 16.5, కుడి 16 అయినది. తేడా అర సెంటీమీటరునకు తగ్గినది. ముందు నడుమ ఎత్తినపుడు వెనుక ఎడమ కుడికన్న మూడున్నర సెంటీమీటర్లు ఎత్తుగానే నిలిచినది. వెనుక కట్టల పట్టీలు లెక్కపెట్టగా ఎడమ కట్టలో ఒకటి ఎక్కువ! ఏదో పెద్ద బండి పట్టీ, మందము కూడ వేరు. క్వారీలో ఆ ప్రక్కన బరువైన సామాను వేసికొని తిరుగుటకు ఎవరో దూర్చి యుందురు. ఆ పట్టీ తీసివేయుటకు ఒక పూట పట్టినది. బండి తిన్నగా నిలిచినది. రెండు జతల పాత ముందు కమానులు ఆయన పశువుల పాకలో మూలన పడి యుండెను. వానిలో ఒక జతకు ఏ లోపమును లేదు.

ముందు కట్టను పరీక్షించుట

జబ్బు ముందరిదేనని తేలిన తరువాత రెండు కట్టల పట్టీలను లెక్కింపవలెను, వాని మందములను పోల్చవలెను. విరిగిన పట్టీ కొరకు మట్టి కడిగి చూడవలెను. విఱుగుట ఎక్కువగా సెంటర్ బోల్టు రంధ్రము వద్దనే జరుగును. ఏలననగా అచ్చట పట్టీ తొలిచి బలహీనమైనది. దురదృష్టవశమున ఆ చోటు యు బోల్టుల క్రింద దాగి యుండును. పట్టీల నడుమ నుండి ఎఱ్ఱని తుప్పునీటి చార కారుచున్నచో, లేదా ఒక పట్టీ చివర తన తోటివానికన్న ప్రక్కకు జరిగి యున్నచో లోపల విరిగినదని అనుమానింపవలెను.

షాకిళ్ళ వాలు పోల్చవలెను. దిగిపోయిన కమాను చదునై పొడవు పెరుగును గావున దాని షాకిలు రెండవ దానికన్న బయటికి త్రోయబడి యుండును. రెండు షాకిళ్ళు ఒకే వాలున ఉండియు ఒక వైపు దిగి యున్నచో కమానును వదలి చాసీ హ్యాంగరును చూడవలెను. అది వంగినదో, రివిట్లు వదులైనవో, దూలము పగిలినదో తెలియును. స్టీరింగు పెట్టె బిగించిన చోట, హ్యాంగర్ల చుట్టు పగుళ్ళు వచ్చుట పాత బండ్లలో కలదు. కిరోసిను గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత సుద్ద రుద్దినచో పగులులోని నూనె గీతగా బయటపడును.

స్టీరింగును తిన్నగా పెట్టి ముందు చక్రము నడిబొడ్డు నుండి వెనుక చక్రము నడిబొడ్డు వరకు రెండు వైపుల కొలువవలెను. పాత సి.జె. 3 బి జీపులో ఈ దూరము 80 అంగుళములు. మీ బండిలో ఎంత ఉన్నను రెండు వైపుల ఒకటే కావలెను. దిగిన వైపుననే ఈ దూరము కూడ తగ్గినచో సెంటర్ బోల్టు తెగినదో, పై పట్టీ విరిగినదో అని భావించి బండిని అచ్చటనే నిలిపివేయవలెను. ఒంగోలు వరకు మెల్లగా తోలుకొని పోవుదుము అనుకొనరాదు. మెకానిక్కునే పిలిపింపవలెను.

ఇంతవరకు ఏదియు తేలనిచో చివరి పరీక్ష ఎడమ కమానును కుడికి, కుడిదానిని ఎడమకు మార్చుట. పుస్తకములో రెండింటికి ఒకే నంబరు ఉన్నపుడే ఇది చెల్లును. ఒరుగుట కూడ రెండవ వైపునకు మారినచో దోషము కమానుది. మారనిచో దోషము చాసీది. శ్రమ ఎక్కువ గాని అనుమానము మిగలదు. ఊడదీసినపుడే రెండింటిని నేల మీద పెట్టి, కన్ను నుండి కన్నుకు దారము లాగి నడుమ లోతు కొలిచి వ్రాసికొనవలెను.

మరమ్మతులో చేయరానివి

విరిగిన పట్టీని వెల్డింగు చేయింపరాదు. కమాను ఉక్కుకు పదును పెట్టి, చల్లార్చి, మరల తగు వేడి చూపి గుణము తెప్పింతురు. వెల్డింగు వేడికి ఆ గుణము పోవును. అతుకు ప్రక్కనే మరల విఱుగును. చదునైన కట్టను కమ్మరి కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి వంచి ఇచ్చినచో ఇదే గతి. కాల్చకుండ చల్లగా సుత్తితో వంపు పెట్టు పనివారు కలరు. ఆ పని కొంతకాలము నిలుచును, తరువాత మరల దిగవచ్చును. పంట డబ్బు చేతికి వచ్చువరకు సర్దుకొనుటకు అది మేలు.

దిగిన ప్రక్క మాత్రము పొడుగు షాకిలు వేయు తెలివి ఒకటి కలదు. ఒక కొసనే ఎత్తును గావున అంగుళము పొడుగు షాకిలుకు బండి అర అంగుళమే లేచును. అదియు గాక ఇరుసు ఆ వైపు ముందుకో వెనుకకో త్రిప్పబడి, చక్రము తిన్నగా తిరిగి వచ్చు గుణము చెడును. గాలి ఎక్కువ కొట్టి ఒరుగుటను దాచుట మరీ ప్రమాదము. ఒక వైపే అదనపు పట్టీ వేయుట ఎట్టిదో పైన చెప్పిన రైతు కథయే చెప్పుచున్నది.

కమాను మార్చవలసి వచ్చినచో ముందు జతను జతగానే మార్చవలెను. ఒక కాడికి ముసలి ఎద్దును, కోడెను కట్టినచో నాగలి ఎటు పోవునో మీకు తెలియును. బుష్షులు, పిన్నులు, యు బోల్టులు కూడ అప్పుడే కొత్తవి వేయుట మంచిది. పాత యు బోల్టులు సాగి యుండును.

కొత్త కట్టలు బిగించిన రోజున అంకెలు నాలుగును నోటుపుస్తకములో తేదీతో వ్రాసికొనవలెను. ఖాళీగా రెండు మూడు రోజులు తిరిగిన తరువాత యు బోల్టులను మరల బిగింపవలెను. కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకొని బోల్టులు వదులగుట తప్పదు. అప్పుడు మరల కొలిచి మొదటి అంకెల ప్రక్కన వ్రాయవలెను. ఇవి మొదటివానికన్న కొద్దిగా తగ్గి, రెండు వైపుల సమానముగా తగ్గి యుండవలెను. ఆ తరువాతనే టిక్కీలు ఎక్కింపవచ్చును. తరువాతి కొలత మిరప కోతలకు ముందు ఒకటి, కోతలు ముగిసిన తరువాత ఒకటి తీసినచో చాలును.